పని చోటు పాఠాలు – 6: అడ్డదూరం పొట్ట దగ్గర మొదలవదు

నీళ్ల క్యానూ, బియ్యం బస్తా ఎత్తడం నడుముకి ఎంత ముప్పో లెక్క వేయమని పోయిన పాఠం చివర అడిగాను. మీరు పంపిన జవాబులన్నీ చూశాను. గుణకారాలు దాదాపు అందరూ సరిగ్గానే చేశారు. తప్పంతా టేపు పట్టుకునే దగ్గర జరిగింది. అందుకే ఈసారి చెబుతానన్న కుర్చీల సంగతి వచ్చే పాఠానికి జరిపాను. బరువులెత్తే లెక్క చేతికి రాకుండా మిమ్మల్ని ముందుకు తీసుకెళ్లడం నాకిష్టం లేదు.

సూత్రం మళ్లీ రాస్తున్నాను. సిఫార్సు బరువు (కేజీల్లో) = 23 × అడ్డదూరం గుణకం × ఎత్తు గుణకం × ప్రయాణం గుణకం × మెలిక గుణకం × తరచుదనం గుణకం × పట్టు గుణకం. అడ్డదూరం అంటే బరువు మనిషికి ఎంత ముందుకి ఉందో ఆ దూరం. ఎత్తు అంటే చేతులు నేల నుంచి ఎంత పైన ఉన్నాయో, ప్రయాణం అంటే అవి కింద నుంచి పైకి ఎంత కదులుతాయో, మెలిక అంటే ఒళ్లు ఎంత తిరుగుతుందో, తరచుదనం అంటే ఎన్నిసార్లు ఎత్తుతారో, పట్టు అంటే చేతికి ఎంత బాగా దొరుకుతుందో. అసలు బరువును దీంతో భాగిస్తే వచ్చేది సూచిక. 1 లోపు ఉంటే నిశ్చింత. ఎంత పెరిగితే నడుముకి అంత ముప్పు.

ముందు నీళ్ల క్యాను సంగతి చూద్దాం. "క్యానుతో కలిపి 21 కేజీలు, 23 లోపే కాబట్టి పర్లేదు" అని సగం మంది రాశారు. 23 అనేది అనుమతి కాదండీ. అన్నీ అనుకూలంగా కుదిరినప్పటి అంకె అది. అంటే బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి, చేతులు నేల నుంచి 75 సెం.మీ. ఎత్తున ఉండాలి, ఒళ్లు మెలి తిరగకూడదు, పట్టు గట్టిగా దొరకాలి, ఎప్పుడో ఒకసారి మాత్రమే ఎత్తాలి. ఇవన్నీ ఉంటే ఆడవాళ్లలో 75 శాతానికి, మగవాళ్లలో 99 శాతానికి సరిపోతుందన్న అంచనాతో పని చోటు భద్రత మీద పరిశోధన చేసే అమెరికాలోని నియోష్ సంస్థ 1991లో ఆ అంకె పెట్టింది. అక్కడి నుంచి తగ్గడమే తప్ప పెరగడం ఉండదు.

ఇదే సంస్థ 1981లో ఇచ్చిన మొదటి సూత్రంలో 23 బదులు 40 ఉండేది. "పదేళ్లలో మనిషి బలం సగమైపోయిందా?" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. 1981లో ఆ 40ని అడ్డదూరం 15 సెం.మీ. దగ్గర పెట్టారు. 1991లో 25 సెం.మీ. దగ్గరికి మార్చారు. 40ని 15తో గుణించి 25తో భాగించండి. 24 వస్తుంది. మనిషి బలం ఎక్కడికీ పోలేదు, లెక్క మొదలయ్యే దూరం జరిగిందంతే. ఈ సూత్రంలో దూరానికి అంత ప్రభావం ఉంది. మీరు తప్పు చేసిందీ అక్కడే.

అడ్డదూరాన్ని చాలామంది పొట్ట నుంచి బస్తా దాకా కొలిచారు. కొందరు కాలివేళ్ల కొస నుంచి, ఒకరు బల్ల అంచు నుంచి కొలిచారు. మూడూ తప్పే. రెండు చీలమండల లోపలి ఎముకల మధ్య బిందువు దగ్గర మొదలుపెట్టి, రెండు చేతుల పట్టు మధ్యకి సరిగ్గా కింద నేల మీద ఉన్న బిందువు దాకా కొలవాలి. కొలత నేల మీదే జరగాలి, గాలిలో కాదు.

ఎందుకో చెబుతాను, ఇది ఒక్కసారి మనసుకి పడితే మళ్లీ మరిచిపోరు. గడ్డపారతో రాయి లేపుతున్నప్పుడు ఆనిక ఎక్కడుందో చూసి కదా పట్టుకుంటారు. ఒంట్లో ఆ ఆనిక వెన్ను అడుగున, నడుము కీలు దగ్గర ఉంటుంది. దాన్ని బయటి నుంచి కొలవలేం కాబట్టి, నేల మీద గుర్తు పెట్టగలిగిన చీలమండలను తీసుకున్నారు. పొట్టని ఎందుకు తీసుకోకూడదంటే, మనిషి వంగితే పొట్ట కూడా బస్తాతోపాటు ముందుకు వెళ్తుంది. ఎంత ఘోరంగా వంగినా పొట్టకీ బస్తాకీ మధ్య జానెడు కూడా కనిపించదు. అంటే నడుము మీద భారం ఎక్కువయ్యే కొద్దీ మీ టేపు తక్కువ చూపిస్తుంది. కాలివేళ్ల నుంచి కొలిచినా అంతే, చీలమండ నుంచి వేలి కొస దాకా ఉన్న 15 సెం.మీ. పైచిలుకు లెక్కలోంచి ఎగిరిపోతుంది.

నేను చేసే పద్ధతి చెబుతాను. గజం దారానికి ఒక ఇనుప నట్టు కట్టండి. ఎత్తబోయే మనిషిని పట్టుకున్న భంగిమలోనే ఒక్క క్షణం ఆగమనండి. నడి వేలి మెటిక దగ్గర దారం ఆనించి వేలాడదీసి, నట్టు నిలిచిన చోట నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. రెండో చేతికీ అలాగే చేయండి. రెండు గుర్తుల మధ్య బిందువు, చీలమండల మధ్య బిందువు, వాటి మధ్య టేపు. ఫోన్‌లో ఫొటో తీసి తెర మీద కొలిచే అలవాటు మానండి. ఫొటో పక్క నుంచి కాస్త వాలినా కొలత చెడుతుంది.

మనిషి ఆగలేనంత బరువైతే ఒక దగ్గరి దారి ఉంది. చేతులు నేలకి 25 సెం.మీ. లోపు ఉంటే, వస్తువు ముందు నుంచి వెనక్కి ఉన్న వెడల్పులో సగానికి 25 కలపండి. అంతకు పైన ఉంటే 20 కలపండి. 25 కంటే తక్కువ వస్తే 25గానే తీసుకోండి. 63 దాటితే గుణకం సున్నా.

ఇప్పుడు కిరాణా కొట్టు చూద్దాం. 2022 జూలైలో 25 కేజీల దాకా ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశాక మన కొట్లలోకి 26 కేజీల బస్తాలు వచ్చాయి. కొట్లో కుర్రాడు అడుగు బస్తాను ఎత్తి కౌంటరు మీద పెడుతున్నాడు. చేతులు 15 సెం.మీ. ఎత్తు నుంచి 75కి వస్తాయి. బస్తా వెడల్పు 40. అడ్డదూరం 25 + 20 = 45, గుణకం 25 ÷ 45 = 0.556. ఎత్తు గుణకం 0.82, ప్రయాణం 0.895. సంచి కాబట్టి పట్టు 0.90. మిగతావి 1. సిఫార్సు బరువు 8.4 కేజీలు, సూచిక 3.1. పొట్ట నుంచి 20 సెం.మీ. కొలిచినవాళ్లకి ఇదే పని 1.7 చూపించింది. కుర్రాడి నడుము అదే, బస్తా అదే.

ఇదే బస్తాను చెక్కబల్ల మీద, చేతులు 75 సెం.మీ. దగ్గర ఉండేలా పెడితే సూచిక 2.0కి దిగుతుంది. 15 సెం.మీ. మందం ఒంటి వైపు ఉండేలా నిలబెట్టి, కౌగిలించుకుని ఎత్తితే 1.4. ఖర్చు ఒక పాత చెక్కబల్ల మాత్రమే. మా నాన్న ముప్పై ఏళ్లు బస్తాలు నేల మీదే వేయించారు, తేమ పట్టకూడదని కింద నాలుగు వేళ్ల ఎత్తు కర్రలు మాత్రం పెట్టేవారు. బియ్యం కోసం ఎత్తిన ఆ కర్రల్ని మనిషి కోసం ఇంకొంచెం ఎత్తాలని అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

మెలిక గుణకం ఎలా కొలవాలని కొందరు అడిగారు. నేను కొలవను. ఒళ్లు తిప్పి పెట్టాల్సి వస్తుంటే లెక్క వేసే ముందే బల్ల జరిపిస్తాను.

మార్కెట్ యార్డు హమాలీకి ఈ లెక్క వేసి పంపిన ఇద్దరికి ఒక మాట. శ్రమ చూసి వేశారు, సంతోషం. కానీ వీపు మీద మోసుకుంటూ నడవడానికి ఈ సూత్రం పనికిరాదు. ఒంటి చేత్తో ఎత్తే బకెట్‌కీ, కూర్చుని ఎత్తే పనికీ, నీళ్లు ఊగే సగం క్యానుకీ కూడా వాడొద్దు.

అభ్యాసం. ఆఫీసు నిండు క్యాను: 21 కేజీలు, వెడల్పు 27 సెం.మీ., చేతులు 10 సెం.మీ. నుంచి 110కి. డిస్పెన్సరు మీదికి వంగి పెట్టేటప్పుడు అడ్డదూరం 45. జారే క్యాను కాబట్టి పట్టు 0.90. ఎత్తే చోట ఒకసారి, పెట్టే చోట ఒకసారి లెక్క వేయండి. 2.2, 2.4 దగ్గరికి రావాలి. క్యానును తలకిందులు చేసే కదలిక ఇందులో లేదు, కాబట్టి నిజం ఇంతకంటే ఎక్కువే.

అది కుదిరాక, మీ వీధిలో ఒక కొట్టువాళ్లని అడిగి ఒక పూట అక్కడే నిలబడండి. పది సార్లు ఎత్తడం చూసి, దారం, సుద్దముక్కతో కొలతలు తీయండి. ఒక్కోదానికి రెండు చోట్లా సూచిక రాయండి. ఇద్దరు మనుషులు చేస్తే ఇద్దరివీ వేరుగా రాయండి. సూచికలన్నీ నాకు పంపండి. కొట్టువాళ్లకి మాత్రం అంకెలు చెప్పకండి, ఏ బస్తా ఎక్కడికి జరపాలో చూపించి, వాళ్లు ఒప్పుకుంటే మీరే ఒక చెయ్యి వేసి జరిపి రండి.