బయోసెన్సర్ ల్యాబ్‌లో బాగుండి బయట మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలోనో, కందిలోని ఐఐటీలోనో, తార్నాక చుట్టుపక్కల ల్యాబుల్లోనో బయోసెన్సర్లు, అంటే రక్తం, లాలాజలం లాంటి శాంపిల్‌లో ఏముందో పసిగట్టే, చేతిలో ఇమిడే టెస్ట్ పరికరాలు తయారుచేసేవాళ్లకు ఈ టెన్షన్ తెలుసు. ఏసీ గదిలో చక్కగా పనిచేసిన పరికరం బయటికెళ్లగానే ఏదో ఒక అంకె చూపిస్తుంది. చాలామంది వెంటనే యాంటీబాడీనో, ఎంజైమునో అనుమానిస్తారు. నన్నడిగితే ముందు శాంపిల్‌ని చూడండి, తర్వాత ఎండనీ తేమనీ. కెమిస్ట్రీ సంగతి ఆఖర్న.

సమస్య: అదే కంట్రోల్ ద్రావణం (గ్లూకోజ్ ఎంతుందో ముందే తెలిసినది), పొద్దున ఒక రీడింగ్, మధ్యాహ్నం ఇంకొకటి

గ్లూకోజ్ మీటర్‌నే తీసుకోండి: వేడి పెరిగితే స్ట్రిప్‌లోని ఎంజైమ్ చురుగ్గా పనిచేసి, మీటర్ కొలిచే కరెంటు ఎక్కువ వస్తుంది. ఆ తేడా సరిచేయడానికే థర్మిస్టర్ (వేడిని కొలిచే చిన్న భాగం) పెడతాం. అది ఎక్కడుందో పెట్టె విప్పి చూడండి. చాలా డిజైన్లలో బ్యాటరీ పక్కనో, బ్లూటూత్ చిప్ పక్కనో ఉంటుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారులోంచి మీటర్ తీశారనుకోండి, బోర్డు కాలిపోతుంటుంది. స్ట్రిప్ మాత్రం అప్పుడే పౌచ్‌లోంచి వచ్చి చల్లగా ఉంటుంది. మీటర్ బోర్డు వేడిని నమ్మి లెక్క తగ్గించేస్తుంది. షుగర్ ఉన్న మనిషికి తక్కువ చూపిస్తుంది.

పరిష్కారం: థర్మిస్టర్‌ని స్ట్రిప్ దూర్చే కనెక్టర్ దగ్గరికి మార్చండి. మీటర్‌ని నీడలో కాసేపు ఉంచాకే టెస్ట్ చేయాలని సూచనల్లో రాయండి. మీరు పరీక్షించి చూసిన ఉష్ణోగ్రతల పరిధి దాటితే రీడింగ్ ఇవ్వకుండా ఆపేయండి. తప్పు అంకె కన్నా ఎర్రర్ వెయ్యి రెట్లు నయం.

సమస్య: రక్తహీనత ఉన్నవాళ్లలో గ్లూకోజ్ ఎక్కువ చూపడం

ఎర్ర కణాలు తగ్గితే గ్లూకోజ్ స్ట్రిప్‌లో కరెంటు కొలిచే ఎలక్ట్రోడ్ దాకా సులువుగా చేరుతుంది, రీడింగ్ పెరుగుతుంది. మన దగ్గర సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది కాబట్టి ఇది పక్కన పెట్టే విషయం కాదు. ఆరోగ్యంగా ఉన్న ల్యాబ్ మిత్రుల రక్తంతో చేసిన కాలిబ్రేషన్ (తెలిసిన విలువలతో మీటర్‌ని సరిచూసుకోవడం) ఇక్కడ పనికిరాదు. వేర్వేరు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) ఉన్న శాంపిళ్లతో కాలిబ్రేట్ చేయండి. వీలైతే స్ట్రిప్ మీదే హెమటోక్రిట్ కొలిచే ఏర్పాటు పెట్టి సరిచేయండి. గ్లూకోజ్ మీటర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15197 (2013) ప్రకారం ల్యాబ్ విలువతో పోలిస్తే 100 ఎంజీ/డీఎల్ లోపు అయితే 15 ఎంజీ/డీఎల్, ఆపైన 15 శాతం తేడాలోపు కనీసం 95 శాతం ఫలితాలు ఉండాలి.

సమస్య: జూన్ దాటాక టెస్ట్ గీత పాలిపోవడం

గర్భ పరీక్ష కిట్ లాంటి గీతల స్ట్రిప్పుల్లో, గీతకు రంగునిచ్చే గోల్డ్ కణాలు ఆరబెట్టిన ప్యాడ్‌ని దగ్గరగా చూడండి. ఎర్రగా ఉండాల్సింది ఊదారంగుకు తిరిగితే కణాలు గడ్డకట్టాయన్నమాట. వానాకాలపు తేమ అసెంబ్లీ గదిలోకో పౌచ్‌లోకో చేరిందేమో ముందు చూసుకోండి. గదిలో డీహ్యూమిడిఫైయర్, పౌచ్‌లో సిలికా జెల్, గట్టి సీల్ ఉండాలి. పౌచ్ తెరిచిన వెంటనే స్ట్రిప్ వాడేయాలి.

సమస్య: లాలాజల టెస్టులో గీతలు కనబడకపోవడం

గుట్కా, పాన్ వేసుకున్న నోటి ఎరుపు స్ట్రిప్ నిండా పరుచుకుంటుంది, అందులో ఎర్ర గీత కలిసిపోతుంది. గీతను కెమెరాతో చదివే రీడరూ మోసపోతుంది. నోరు పుక్కిలించమని, ఆ తర్వాత పది నిమిషాలు ఏమీ తినకుండా, తాగకుండా ఉండమని చెప్పండి. పుక్కిలించిన వెంటనే తీస్తే శాంపిల్ పల్చబడుతుంది.

సమస్య: డ్రగ్ వాడని మనిషికి పాజిటివ్

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే, ఎందుకంటే ఆ ఒక్క గీత మీద మనిషి ఉద్యోగం, పరువు ఆధారపడతాయి. మొదటి కారణం గీతను తప్పుగా చదవడం. డ్రగ్ స్ట్రిప్పుల్లో ఎక్కువగా వాడే పోటీ పద్ధతిలో శాంపిల్‌లోని డ్రగ్, టెస్ట్ గీత మీదున్న డ్రగ్ ఒకే యాంటీబాడీ కోసం పోటీపడతాయి, కాబట్టి శాంపిల్‌లో డ్రగ్ ఉంటే టెస్ట్ గీత మాయమవుతుంది. లేత గీత ఉన్నా నెగెటివే. స్ట్రిప్ సరిగ్గా పనిచేసిందని చెప్పే కంట్రోల్ గీత రాకపోతే ఆ టెస్ట్ చెల్లదు. గర్భ పరీక్ష కిట్ అలవాటుతో చూసేవాళ్లు తలకిందులుగా చదువుతారు.

రెండో కారణం వంటింట్లోనే ఉంది. కుర్మాలో వేసే గసగసాల్లో మార్ఫిన్ ఆనవాళ్లుంటాయి. అందుకే అమెరికాలో ఫెడరల్ ఉద్యోగుల మూత్ర పరీక్షలో ఓపియేట్ (మార్ఫిన్ లాంటి డ్రగ్) కటాఫ్‌ని, అంటే పాజిటివ్ అనే హద్దుని, 1998లో మిల్లీలీటరుకు 300 నుంచి 2000 నానోగ్రాములకు పెంచారు. కోడీన్ ఉన్న దగ్గు సిరప్ తాగినా శరీరంలో మార్ఫిన్ తయారవుతుంది. కొన్ని జలుబు మందులు యాంఫెటమిన్ టెస్టును తప్పుదారి పట్టిస్తాయి.

పరిష్కారం: ఇక్కడి మందుల షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యే మందులన్నీ తెచ్చి క్రాస్ రియాక్షన్ (డ్రగ్ కాని మందుకు కూడా టెస్ట్ స్పందించడం) చూడండి. ఏ కటాఫ్‌కి ఎందుకు ఒప్పుకున్నారో రాసిపెట్టండి. తెర మీద ‘డ్రగ్ దొరికింది’ అని కాక, ‘ప్రాథమిక పరీక్షలో పాజిటివ్, ఎల్‌సీ-ఎంఎస్ నిర్ధారణ అవసరం’ అని చూపించండి (ఎల్‌సీ-ఎంఎస్ అంటే పదార్థాన్ని కచ్చితంగా గుర్తించే ల్యాబ్ పరీక్ష). ఆ నిర్ధారణ కోసం శాంపిల్‌లో సగం సీల్ చేసి ఉంచే ఏర్పాటు కిట్‌లోనే ఉండాలి.

సమస్య: చార్జింగ్‌లో పెట్టగానే రీడింగ్ ఊగడం

కరెంటు లైన్‌లోని 50 హెర్ట్జ్ గోల అది. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద కొలవండి. లేదా 20 మిల్లీసెకన్లకు (50 హెర్ట్జ్ కరెంటు ఒక ఊపు పూర్తిచేసే సమయం) గుణిజమైన వ్యవధిలో సగటు తీయండి.