ఎండల దుప్పటికి రంగుల లెక్క

మాది నరసాపురం, లేసు అల్లికల ఊరు. రోజుకో వరుస, ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రతను బట్టి ఊలు రంగు, మొత్తం 365 వరుసల దుప్పటి అనుకున్నాను. మొదట 5 డిగ్రీలకో రంగు పెట్టాను. చలిదేశాలకు అది సరిపోతుంది. మన డెల్టాలో సంక్రాంతికీ 28, 29 ఉంటుంది. నెలల తరబడి ఒకటే పసుపు వచ్చేలా ఉంది. అందుకే 28 నుంచి 40 దాకా 2 డిగ్రీలకో రంగు చేశాను. 28 లోపు ముదురు నీలం, 40 దాటితే పండుమిరప ఎరుపు, మొత్తం ఎనిమిది రంగులు. మే నెలలో వాన పడ్డ రోజు ఎరుపుల మధ్య ఆకుపచ్చ గీతలా కనిపించాలని నా ఆశ.

పొడవుతో ఇంకో టెన్షన్. డబుల్ క్రోషేతో (కొక్కెం సూదితో వేసే పొడవు కుట్టు) పది వరుసలు అల్లి కొలిస్తే 9 సెంటీమీటర్లు, అంటే ఏడాదికి మూడు మీటర్ల పైనే! పొట్టి కుట్టైన సింగిల్ క్రోషేకి మారితే పది వరుసలు 5 సెంటీమీటర్లకు దిగాయి. ఇప్పుడు 183 సెంటీమీటర్లు, మంచానికి సరిగ్గా సరిపోతుంది. ఉష్ణోగ్రత అంకె మాత్రం రోజూ రాత్రి క్యాలెండర్ గడిలో రాసేస్తాను, అల్లడం ఆదివారమే.