గిటార్ స్పీకర్లో రేకుడబ్బాలా మోగుతోందా? పికప్, ప్రీఆంప్ తిప్పలు - పరిష్కారాలు

తిరుపతి, చిత్తూరు వైపు అకౌస్టిక్ గిటార్ ఎక్కువగా వినిపించేది చర్చిల్లో, కాలేజీ ఫెస్టుల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో. ఎక్కడైనా కేబుల్ వెళ్లి దూరేది మైకుసెట్టు వాళ్ల మిక్సర్లోకే. గిటార్ కోసమే చేసిన ఆంప్ స్టేజీ మీద కనిపించడం అరుదు. ఇంట్లో కమ్మగా పలికిన గిటార్ అక్కడికెళ్లి గొంతు మార్చేస్తే నింద పికప్ (తీగల ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) మీద పడుతుంది, కొత్తది కొనడానికి చెన్నై బస్సెక్కేస్తారు. పికప్‌ని అనుమానించే ముందు దాని తర్వాత ఏముందో చూడండి. డబ్బు ఒక్కదానికే ఉంటే మంచి ప్రీఆంపే (పికప్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు సిద్ధం చేసే పెట్టె) కొనండి.

బేస్ లేదు, సన్నగా కీచుమంటోంది

ముందు ఒక ప్రశ్న: మీ గిటార్లో బ్యాటరీ ఉందా? లేకపోతే అది పాసివ్ పికప్. చాలావరకు శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నటి ముక్క) కింద పెట్టిన పియెజో పట్టీ అయి ఉంటుంది. పియెజో అంటే నొక్కితే కరెంటు పుట్టించే పదార్థం. వోల్టేజీ బాగానే ఇస్తుంది గానీ అవతలి పరికరం కాస్త ఎక్కువ కరెంటు లాగితే తట్టుకోలేదు, ముందుగా పోయేది బేస్. ఎంత లాగుతుందో చెప్పేదే ఇన్‌పుట్ ఇంపెడెన్స్. అది ఎంత ఎక్కువుంటే కరెంటు అంత తక్కువ లాగుతుంది, పియెజోకి అంత హాయి.

లెక్క వేసి చూద్దాం. పికప్ కెపాసిటెన్స్ (విద్యుత్తుని నిల్వ చేసుకునే గుణం) 1,000 పికోఫారడ్లు అనుకోండి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సుమారు 10 కిలోఓమ్‌లు ఉంటుంది. ఆ రెండూ కలిస్తే దాదాపు 16,000 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తగ్గుతూ పోతుంది, అంటే పాట మొత్తం. మిగిలేది పిక్ తగిలిన చప్పుడే. ఇన్‌పుట్ 1 మెగాఓమ్ అయితే ఆ గీత 160 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. గిటార్ లావు తీగ పలికేది 82 హెర్ట్జ్ దగ్గర కాబట్టి ఇంకా కొంచెం లోటే. 10 మెగాఓమ్‌లు అయితే 16 హెర్ట్జ్, ఇక దిగుల్లేదు. ఎల్.ఆర్. బ్యాగ్స్ పారా డీఐ లాంటి ప్రీఆంపులకు 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్ పెట్టింది ఇందుకే. అది 9 వోల్టుల బ్యాటరీతోనూ నడుస్తుంది, మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ (మైకు కేబుల్లోనే పంపే కరెంటు) తోనూ నడుస్తుంది. "అన్నా, నా చానల్‌కి ఫాంటమ్ వెయ్" అని సౌండాయనకి ముందే చెప్పాలి, అంతే.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. మైకుసెట్టులో ఉండే డీఐ బాక్సుల్లో (వాయిద్యం సిగ్నల్‌ని మిక్సర్ మైకు ఇన్‌పుట్‌కి సరిపోయేలా మార్చే పెట్టెలు) చౌకవి పాసివ్ రకం, లోపల ట్రాన్స్‌ఫార్మర్ తప్ప ఏమీ ఉండదు. వాటి ఇన్‌పుట్ మామూలుగా 100-150 కిలోఓమ్‌ల దగ్గరే. కీబోర్డుకి భేషుగ్గా పనిచేసే ఆ పెట్టె పాసివ్ పియెజోకి పనికిరాదు. గిటార్లోనే బ్యాటరీ ప్రీఆంప్ ఉంటే మాత్రం ఏ డీఐ అయినా ఫరవాలేదు. ప్రీఆంపూ లేదు, యాక్టివ్ డీఐ (బ్యాటరీ లేదా ఫాంటమ్ మీద నడిచేది) కూడా దొరకలేదంటారా, మిక్సర్లో హై-జెడ్ (ఎక్కువ ఇంపెడెన్స్) బటన్ ఉన్న చానల్ ఉందేమో చూడండి. కొన్ని చిన్న మిక్సర్లలో ఒకటో రెండో ఉంటాయి.

పైపలక లోపల, బ్రిడ్జి కింద బిళ్లలు అంటించే రకం (కె అండ్ కె ప్యూర్ మినీలో మూడు బిళ్లలుంటాయి) కెపాసిటెన్స్ ఎక్కువ కాబట్టి 1 మెగాఓమ్‌తో సర్దుకుంటుంది. దాని స్వరం కూడా చెక్క స్వరానికి దగ్గరగా ఉంటుంది. పేచీ అంతా తర్వాతి సమస్యలో.

కూత పెడుతోంది

గిటార్ డబ్బా తనంతట తాను ఊగడానికి ఇష్టపడే స్వరాలు కొన్నుంటాయి. పెద్ద సైజు గిటార్లలో లోపలి గాలి 100 హెర్ట్జ్ అటూఇటూ, పైపలక 200 హెర్ట్జ్ అటూఇటూ ఊగుతాయి. మానిటర్ (స్టేజీ మీద వాయించేవాళ్ల వైపు పెట్టిన స్పీకర్) శబ్దం పలకని కదిపితే పికప్ దాన్ని మళ్లీ మానిటర్‌కే పంపుతుంది, చక్రం తిరుగుతుంది. బుమ్మని మొదలై లావుగా పెరిగే కూత ఇదే.

ముందు డబ్బు ఖర్చులేని పనులు. మానిటర్‌కి గిటార్ ముఖం చూపించకుండా పక్కకి తిరిగి నిలబడండి. ప్రీఆంప్ మీద ఫేజ్ బటన్ (సిగ్నల్‌ని తలకిందులు చేసేది) ఉంటే ఒకసారి నొక్కి చూడండి, ఒక్కోసారి దాంతోనే అణిగిపోతుంది. తర్వాత సౌండ్‌హోల్‌కి రబ్బరు మూత. చూడ్డానికి బాగుండదు గానీ గాలి ఊపుని బాగా కట్టేస్తుంది. అప్పటికీ వస్తే నాచ్ ఫిల్టర్‌తో కూత పెట్టే స్వరాన్ని మాత్రమే కోయాలి. బేస్ నాబ్ మొత్తం తిప్పేస్తే మళ్లీ సన్నగా కీచుమనే గిటారే చేతికొస్తుంది.

ఇంకా లొంగకపోతేనే పికప్ రకం గురించి ఆలోచించాలి. కూతకి అందరికంటే ముందు లొంగేది లోపల పెట్టిన మైకు, తర్వాత బిళ్లలు, తర్వాత శాడిల్ కింది పట్టీ. బాగా తట్టుకునేది సౌండ్‌హోల్లో బిగించే అయస్కాంత పికప్. కాబట్టి డ్రమ్స్, ప్యాడ్స్ మధ్య వాయించే ఆర్కెస్ట్రా వాళ్లకి నేను అయస్కాంతమే చెబుతాను, స్వరం కాస్త ఎలక్ట్రిక్ గిటార్ వైపు మొగ్గినా సరే. ప్రశాంతంగా ఇద్దరు ముగ్గురు పాడే చర్చికి బిళ్లలు బాగుంటాయి. మహతి ఆడిటోరియం లాంటి చోట ఒక్కరే వాయించే అవకాశం వస్తే పికప్‌కి తోడు ముందొక మైకు పెట్టించుకోండి.

అయస్కాంతం తీసుకునేవాళ్లకి రెండు మాటలు. నైలాన్ తీగల మీద అది పలకదు. ఇక ఉక్కు తీగల్లో పైన చుట్టిన కంచు అయస్కాంతానికి కనిపించదు కాబట్టి చుట్టు లేని రెండో తీగ మిగతావాటిని మింగేస్తుంది. పికప్ మీద స్క్రూలుంటే ఆ తీగ కింది దాన్ని దించండి.

బుర్రుమని హమ్

కేబుల్ గిటార్ నుంచి పీకి, మిక్సర్ చానల్ మూసి చూడండి. అప్పుడూ హమ్ ఉంటే గొడవ మీది కాదు. మీదే అని తేలితే జాక్ లోహాన్ని చేత్తో ముట్టుకోండి. తగ్గిందంటే కేబుల్లోనో గిటార్ లోపలో షీల్డ్ (తీగ చుట్టూ ఉండే రక్షణ జాలీ) తెగింది. తగ్గలేదు, పైగా మీ ఆంప్ ఒక ప్లగ్గుకి, మిక్సర్ ఇంకో ప్లగ్గుకి ఉన్నాయంటే అది ఎర్త్ లూప్ (రెండు ఎర్త్ దారులు కలిసి చుట్టు ఏర్పడడం). డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కితే పోతుంది. ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా విరగ్గొట్టొద్దు. కల్యాణమండపాల్లో సీరియల్ లైట్లు, డిమ్మర్లు వెలిగించగానే జుయ్‌మని వచ్చేది వేరే రకం, దానికి కేబుల్‌ని కరెంటు వైర్లకి దూరంగా జరపడమే మందు.

ఇంకొకటి, ఇది హమ్ కంటే పెద్దది. గిటార్ తీగలు పట్టుకుని మైకుకి పెదవి తగిలితే జివ్వుమందా? వాయించడం అక్కడికక్కడే ఆపండి. జనరేటర్ మీద నడిచే షామియానా కచేరీల్లో ఎర్త్ సరిగా లేకపోవడం కొత్తేమీ కాదు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా మళ్లీ ముట్టుకోవద్దు.

ఒక తీగ గట్టిగా, ఒకటి అసలు వినపడకుండా

ఎక్కువగా శాడిల్ కింది పట్టీ ఉన్న గిటార్లలో ఇది. తీగలు మార్చాకో, యాక్షన్ (మెడ మీద తీగల ఎత్తు) దించడానికి శాడిల్ రుద్దాకో మొదలవుతుంది. శాడిల్ అడుగు చదునుగా లేకపోతే పట్టీ మీద ఒత్తిడి సమానంగా పడదు. తీగలు వదులు చేసి శాడిల్ తీయండి, గాడిలో చెక్కపొట్టు ఉంటే ఊడ్చండి. గాజు పలక మీద ఇసుక కాగితం పరిచి శాడిల్ అడుగుని నిటారుగా రుద్దండి. గాడిలో వేలితో జారేంత వదులుండాలి గానీ వాలిపోకూడదు. గాడి అడుగే వంకరైతే అది వడ్రంగం, చేయి తిరిగినవాళ్లకి వదిలేయాలి.

మిగతావి చకచకా

గట్టిగా కొడితే చిరిగినట్టు వస్తే ముందు బ్యాటరీ మార్చండి, తర్వాత గెయిన్ తగ్గించండి. పియెజో కటువుదనం వేధిస్తుంటే 1,000-3,000 హెర్ట్జ్ మధ్య కొంచెం కోయండి. బ్యాటరీ వారానికే అయిపోతోందంటే కేబుల్ గుచ్చి వదిలేస్తున్నారు. జాక్‌లో ప్లగ్గు ఉన్నంతసేపూ ప్రీఆంప్ ఆన్‌లోనే ఉంటుంది. టక్‌టక్‌మని ఆగి ఆగి వస్తే జాక్ నట్టు వదులైంది. లోపల తీగ మెలిపడకుండా పట్టుకుని బిగించాలి. టేపుతో అంటించిన బిళ్ల స్వరం మే నెలలో డల్ అయితే జిగురు కరిగి ఊడింది. మన ఎండల్లో కారులో గిటార్ వదలకండి. పెట్టెలో ఒక కొత్త 9 వోల్టుల బ్యాటరీ, ఒక అదనపు కేబుల్ ఎప్పుడూ ఉండనివ్వండి.