నోబిడ్ బేలు నుంచి నాటకం దాకా: బృందంగా కథ కట్టుకునే పద్ధతి

రాతప్రతి చేతిలో లేకుండా, నటులే విషయం సేకరించి, రిహార్సల్స్‌లోనే సన్నివేశాలు పుట్టించుకొని కట్టే నాటకానికి రాజకీయ రంగస్థలం నుంచి తెచ్చుకోదగిన పనిముట్లు చాలా ఉన్నాయి. అయినా మన బృందాలు తరచుగా సందేశాన్ని ముందే నిర్ణయించుకొని, తరువాత దాన్ని మోయడానికి పాత్రలను వెతుకుతాయి. నాటకం అక్కడే చచ్చిపోతుంది. ఒంగోలు, కందుకూరు ప్రాంతాల్లో ఆరేడుగురు కలిసి పొగాకు మీద నాటకం కట్టాలనుకుంటే పనిని ఎలా నడపవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. విషయం ఉప్పు కొఠార్లదైనా, రొయ్యల చెరువులదైనా పద్ధతి ఇంతే.

ముందుగా విషయాన్ని బాగా చిన్నది చేసుకోండి. ‘పొగాకు రైతు కష్టాలు’ అన్నది ఉపన్యాసానికి సరిపోతుంది. వేలం కేంద్రానికి తెచ్చిన బేళ్లలో (పొగాకు కట్టల్లో) రెండింటికి ఏ కంపెనీ వారూ ధర పలకలేదు, అవి ‘నోబిడ్’ అయ్యాయి, సాయంత్రానికి అప్పిచ్చినవాడు ఇంటికి వస్తాడు అన్నది నాటకానికి సరిపోతుంది. ఢిల్లీలోని జన నాట్య మంచ్ అనే నాటక బృందం 1978లో ఆడిన ‘మెషీన్’ అనే వీధి నాటకానికి మూలమైన సమ్మెలో కార్మికులు అడిగినవి సైకిళ్లు పెట్టుకునే స్టాండు, టీ తాగడానికి క్యాంటీను. నటులే తమ శరీరాలతో యంత్రంగా మారే ఆ నాటకం నిడివి సుమారు 13 నిమిషాలు. కోరిక అంత చిన్నది కావడం వల్లనే దాన్ని కాదన్న తీరు ఎంత పెద్దదో ప్రేక్షకుడికి కనిపిస్తుంది.

తరువాత వినడానికి వెళ్లండి. రైతు దగ్గరికి మాత్రమే వెళ్లి తిరిగి వచ్చేయకుండా, కౌలుదారును, ఆకు గ్రేడింగ్ చేసే కూలీలను, బేళ్లు తోలే డ్రైవరును, వీలైతే అప్పిచ్చినవాణ్ని కూడా కలవండి. అభిప్రాయం అడిగితే అందరూ పత్రికలో చదివిందే చెబుతారు కాబట్టి, ఆ రోజు ఏం జరిగింది, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, చేతిలో ఏముంది, మొదట మాట్లాడింది ఎవరు అని అడగండి. విన్న మాటను విన్నట్టే రాసుకోండి. ‘ఎట్టా’ను ‘ఎలా’గా దిద్దిన క్షణంలో ఆ మనిషి పోయి మీరు మిగులుతారు. ఫోనులో రికార్డు చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

సేకరించినదాన్ని సన్నివేశంగా మార్చడానికి మొదటి మెట్టు వార్తాపత్రిక నాటకం. బ్రెజిల్ సైనిక పాలనలో నాటకాలపై ఆంక్షలు బిగుసుకున్న రోజుల్లో అక్కడి నాటక దర్శకుడు అగస్తో బోల్ బృందం దీన్ని రూపొందించింది. ఒకే వార్తను మామూలుగా చదవడం, దానికి విరుద్ధమైన వార్తతో ముడివేసి చదవడం, ఒక లయలో చదవడం వంటివి ఇందులో పద్ధతులు. పొగాకు సగటు ధర గురించిన వార్తను ఒకరు చదువుతుండగా, మరొకరు గ్రేడింగ్ కూలీ చెప్పిన రోజు లెక్కను మధ్యమధ్య చదివి చూడండి. ఇంకొకరు వడ్డీ లెక్కను పాతకాలపు వేలంపాట లయలో చదవండి. ఒక పూట సాధన చాలు. ఇందులో ఎక్కువ కాలం ఉంటే నాటకం పత్రిక చదివినట్టే మిగిలిపోతుంది.

అసలు పని శరీరాలతో బొమ్మ కట్టడంలో ఉంది, దీనికి కనీసం వారం రోజులు కేటాయించండి. ఒక సభ్యుడు నోరు విప్పకుండా, మిగిలినవారి చేతులు, తలలు, చూపులు సర్ది, నోబిడ్ అయిన క్షణాన్ని కదలని బొమ్మగా నిలబెట్టాలి. అది ఉన్న స్థితి. రెండోది ఉండాలని కోరుకునే స్థితి. మూడోది మొదటి నుంచి రెండోదానికి వెళ్లే దారి. రెండో బొమ్మ దాదాపు ఎప్పుడూ చేతులు కలిపి నవ్వుతూ నిలబడిన గుంపుగానే వస్తుంది, దాని గురించి బెంగ పడవద్దు; సన్నివేశాలన్నీ పుట్టేది మూడోదాని నుంచే. బొమ్మ చుట్టూ తిరిగి, ఎవరి చూపు ఎవరి మీద లేదో గమనించండి. బహుశా అందరూ రైతును మధ్యలో పెట్టి, కొనుగోలుదారును ఎదురుగా నిలిపి, ఆకును గ్రేడు చేసిన స్త్రీని అసలు పెట్టకుండానే ముగించి ఉంటారు. ఆమెను ఎక్కడ నిలబెట్టాలన్న వాదన మొదలైతే ఆపవద్దు, ఆ వాదననే రాసుకోండి.

జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ పేరు వినగానే మన చర్చల్లో ‘పరాయీకరణ’ అనే బరువైన మాట దిగి అందరినీ భయపెడుతుంది. దాని అర్థం ప్రేక్షకుణ్ని కథలో కొట్టుకుపోనివ్వకుండా ఆపి ఆలోచింపజేయడమే, అది బుర్రకథకు కొత్త కాదు. కథకుడికి అటూ ఇటూ నిలబడే వంతల్లో ఒకరిని ‘హాస్యం’ అనీ, లోకం సంగతులు ఎత్తి కథను ఆపే రెండోవారిని ‘రాజకీయం’ అనీ పిలిచే అలవాటు మనకు ఉంది, 1940లలో వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి ఆ రూపాన్ని ఊరూరా వాడుకుంది. మీ నాటకంలో ఆ వంత స్థానాన్ని గ్రేడింగ్ కూలీకి ఇవ్వండి. రైతు తన గోడు చెప్పుకుంటూ కన్నీళ్ల దగ్గరికి వచ్చినప్పుడు ఆమె అడ్డు తగిలి, “ఆగబ్బాయా! ఆ బేలు ఎనక్కొస్తే నా కూలి ఎవురిస్తారు?” అని అడగాలి. రైతు దగ్గర జవాబు ఉండకూడదు.

చివరి ఘట్టాన్ని మీరు పూర్తి చేయవద్దు. ప్రేక్షకులే వేదికెక్కి కథను మార్చే ఫోరం థియేటర్‌కు బోల్ చెప్పిన పుట్టుక ఇది: పెరూలో 1973లో అక్షరాస్యతా కార్యక్రమంలో పని చేస్తున్నప్పుడు, ఒక ప్రేక్షకురాలు సూచించిన పరిష్కారాన్ని నటి ఎన్ని విధాలుగా చేసి చూపినా ఆమెకు నచ్చలేదు, చివరికి ఆమెనే పైకి పిలవాల్సి వచ్చింది. నెల్లూరు జిల్లా వారికి ఇందులో పరిచితమైనది ఉంది. 1990ల తొలినాళ్లలో దూబగుంట మహిళలు సారా మీద తిరగబడటానికి ముందు వయోజన విద్య వాచకంలోని సారా కథను చదివి, తమ ఇళ్ల సంగతులను అందులోకి తెచ్చి చర్చించుకున్నారు. 1993 అక్టోబరు నాటికి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పాఠం ఆగిన చోట వారి మాట మొదలైంది.

అందువల్ల అప్పిచ్చినవాడు తలుపు తట్టే క్షణంలో ఆట ఆపి, సూత్రధారుడు ‘ఇప్పుడు ఈ రైతు స్థానంలో మీరుంటే?’ అని అడగాలి. వచ్చినవారు రైతు పాత్రను గానీ కూలీ పాత్రను గానీ తీసుకోవచ్చు. అప్పిచ్చినవాడి పాత్రను తీసుకొని అతణ్ని మంచివాడిగా మార్చేస్తే సమస్య ఉండదు, నాటకమూ ఉండదు. ఎదుటి పాత్ర వేసే నటుడు సులువుగా లొంగిపోకూడదు, అలాగని అసాధ్యంగానూ బిగుసుకోకూడదు. ఈ పాత్రకు మీలో అందరికన్నా అనుభవం ఉన్నవారిని పెట్టండి.

రాతప్రతిని మూడు నాలుగు ప్రదర్శనల తరువాతే రాయండి, అందులో ఊరి పేరు, బేళ్ల సంఖ్య, బంధుత్వాలు మార్చండి. మొదటి ప్రదర్శన మాత్రం మీకు ఆ సంగతులు చెప్పినవారి ముందే, వేలం లేని రోజు సాయంత్రం, వారి వీధిలోనే పెట్టుకోండి. ‘మా ఇంట్లో జరిగింది ఇట్టా కాదే’ అని వారు అంటే వాదించకుండా, ఆ క్షణాన్ని మీ నటుల శరీరాలతో వారినే బొమ్మ కట్టి చూపమనండి.