సీలో అర్రేలు, 7వ పాఠం: చివరి [1]ని [] చేసేటప్పుడు

పోయిన పాఠంలో నల్గొండ ఐకేపీ సెంటర్లో వడ్ల కాంటా లెక్కకు ఒక స్ట్రక్చర్ రాసుకున్నాం. మొదట బస్తాల సంఖ్య, ఆ తర్వాత ఒక్కో బస్తా తూకం. ఒక రైతు 12 బస్తాలు తెస్తాడు, ఇంకో రైతు 200 తెస్తాడు. కాబట్టి అర్రే సైజు ముందే చెప్పలేం. పాత కోడ్‌లో ఇలాంటప్పుడు చివర [1] అని పెట్టి, మాలాక్‌లో (ప్రోగ్రామ్ నడుస్తుండగా మెమరీ అడిగే ఫంక్షన్) ఎక్కువ చోటు అడిగేవాళ్లు. జీసీసీ అనే కంపైలర్‌లో [0] కూడా నడిచింది. సరైన పద్ధతి 1999 నాటి సీ ప్రమాణంతో వచ్చింది: ఖాళీ బ్రాకెట్లు, []. ఇది స్ట్రక్చర్‌లో చివరనే ఉండాలి, దానికి ముందు కనీసం ఒక మెంబర్ ఉండాలి.

డిక్లరేషన్‌లో ఆ 1 కొట్టేయడం క్షణం పని. ఇబ్బంది అంతా మాలాక్ లైన్లోనే. పెన్ను, కాగితం తీసుకోండి.

ఇంట్‌కు 4 బైట్లు. [1] ఉంటే స్ట్రక్చర్ సైజాఫ్, అంటే అది పట్టే బైట్లు, 8. అందులో ఒక తూకానికి చోటు ఎలాగూ ఉంది కాబట్టి 42 బస్తాలకు ‘సంఖ్య మైనస్ 1’ అని రాసేవాళ్లు: 8 + 41 × 4 = 172. సరిపోయింది. ఇప్పుడు [] పెట్టాం, సైజాఫ్ 4 అయింది. మైనస్ 1 తీయడం మరిచారనుకోండి: 4 + 164 = 168. కావలసింది 172. 42వ బస్తాకు చోటే లేదు.

ఇదే తప్పు 40 బస్తాలతో బయటపడదు. 4 + 39 × 4 = 160 అడిగితే 64 బిట్ లైనక్స్‌లో గ్లిబ్‌సీ (మాలాక్ ఉండే సీ లైబ్రరీ) 168 ఇస్తుంది, మనకు కావలసింది 164. ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది. 42 అయ్యేసరికి చివరి తూకం పోయి పక్క మెమరీ ముక్క తన సైజు రాసుకున్న చోట పడుతుంది. తర్వాత ఎప్పుడో, సంబంధం లేని లైన్లో ప్రోగ్రామ్ కూలుతుంది. అందుకే [1] మార్చిన ప్రతిసారీ ఆ స్ట్రక్చర్ పేరుతో ఉన్న సైజాఫ్‌లన్నీ వెతికి, ఒక్కొక్కటి చేత్తో లెక్కగట్టి చూడండి. నేను ఈ పని తొందరలో ఎప్పుడూ చేయను.

ఇంత కష్టం దేనికంటే, చివర్లో [8] అని రాసినా కంపైలర్ దాన్ని ‘ఎంతైనా పెరగొచ్చు’ అనుకుని హద్దుల తనిఖీ వదిలేసేది. జీసీసీ 13, ఇంకో కంపైలర్ క్లాంగ్ 16 నుంచి స్ట్రిక్ట్ ఫ్లెక్స్ అర్రేస్ అనే ఆప్షన్ ఉంది. దానికి 3 ఇస్తే [] ఒక్కటే పెరిగే అర్రే, [8] అంటే ఎనిమిదే. లైనక్స్ కెర్నల్ 6.5 నుంచి ఇలాగే బిల్డ్ అవుతోంది. పైగా [] మీద నేరుగా సైజాఫ్ వాడితే కంపైలర్ ఎర్రర్ ఇస్తుంది. [0] అయితే గమ్మున సున్నా ఇచ్చేది.

ఇంటిపని: మైనస్ 1 అలాగే ఉంచి, 40 బస్తాలతో అడ్రస్ శానిటైజర్ (మెమరీ హద్దు దాటితే పట్టుకునే కంపైలర్ ఆప్షన్) పెట్టి నడపండి. మామూలుగా దాక్కున్న తప్పు ఈసారి లైన్ నంబర్‌తో సహా దొరుకుతుంది. ఆ మెసేజ్ నోట్‌బుక్‌లో రాసుకోండి, 8వ పాఠంలో బస్తాల సంఖ్యను అర్రేకు కట్టిపడేసే కౌంటెడ్ బై దగ్గర దానితోనే మొదలుపెడదాం.