ఒకేలా కనిపించే రెండు డబ్బాలు: నా అనుభవం

మా గోడౌన్‌లో 4618, 4681 కోడ్‌ల సరుకులు తరచూ తారుమారయ్యేవి. తప్పు చేసినవాళ్లను పిలిచి గట్టిగా చెప్పేవాణ్ణి, మళ్లీ ట్రైనింగ్ ఇప్పించేవాణ్ణి. వాళ్లకు టెన్షన్ పెరిగింది గానీ తప్పులు తగ్గలేదు.

చివరికి ఒక షిఫ్టంతా వాళ్ల పక్కనే నిలబడి చూశాను. రెండు డబ్బాలదీ ఒకే రంగు, ఒకే సైజు, పైగా పక్కపక్క అరలు. సరిగ్గా తీయబోయే సమయానికి ఎవరో పిలుస్తారు, తిరిగొచ్చి పక్క అరలోది తీస్తారు. మనస్తత్వవేత్త జేమ్స్ రీజన్ పొరపాట్లను విడదీసి చూపించారు: పని తెలిసీ ధ్యాస మళ్లడం ఒకటి, తప్పుగా అర్థం చేసుకుని నిర్ణయం తీసుకోవడం ఇంకొకటి. ట్రైనింగ్ పనికొచ్చేది రెండోదానికి. మాది మొదటిది. ఇన్నాళ్లూ మనుషుల్ని అనవసరంగా బాధపెట్టాను. ఆ రోజే వాళ్లకు క్షమాపణ చెప్పాను.

సరుకులను వేర్వేరు వరసల్లోకి మార్చాం, ఒకదానికి పసుపు లేబుల్ వేశాం. స్కాన్ చేసిన కోడ్ ఆర్డరుతో కలవకపోతే బిల్లు ప్రింట్ కాకుండా సెట్ చేయించాం. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే. సరుకు తీస్తున్నవాళ్లను మధ్యలో పిలవకూడదన్న రూలు నాకూ వర్తిస్తుంది. త్రుటిలో తప్పిన పొరపాట్లను కూడా ఇప్పుడు వాళ్లే వచ్చి చెబుతున్నారు. అలా తెలిసిన ఇంకో జత డబ్బాలను నిన్ననే విడదీశాం.