టైఫాయిడ్ ఫేజ్ టైపింగ్ (ఏ ఫేజ్‌కి, అంటే బ్యాక్టీరియాను చంపే ఏ వైరస్‌కి లొంగుతుందో చూసి టైఫాయిడ్ బ్యాక్టీరియా రకం తేల్చడం) మొదలుపెట్టే ముందు

- అన్నిటికన్నా ముందు వీఐ యాంటిజెన్ (బ్యాక్టీరియా మీది పూత) ఉందో లేదో చూడండి. స్లైడు మీద వీఐ యాంటీసీరంతో (ఆ పూతను పట్టుకునే యాంటీబాడీలున్న ద్రవం) గడ్డకట్టని సాల్మొనెల్లా టైఫీని, అంటే టైఫాయిడ్ బ్యాక్టీరియాను, టైపింగ్‌కి పెట్టొద్దు. 1938లో క్రెయిగీ, యెన్ రూపొందించిన ఈ ఫేజ్‌లు అతుక్కునేది ఆ పూతకే. అది లేకపోతే ప్లేటు మీద ఒక్క మచ్చా (బ్యాక్టీరియా కరిగిన చోటు) పడదు, పరీక్ష సామాను దండగ.
- అగార్ (ప్లేటులో బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) బాగా ఆరిందా? తడిగా ఉంటే పక్కపక్క చుక్కలు కలిసిపోతాయి.
- ఫేజ్‌ను ఎంత పలచగా వాడాలో పాత లేబుల్ మీద రాసినదాన్ని నమ్మొద్దు. నిల్వలో ఫేజ్ బలం తగ్గుతుంది, మళ్ళీ కొలవండి. మరీ చిక్కగా వేస్తే సంబంధం లేని రకాలూ కరిగిపోతాయి. ఇక తేడా ఎక్కడ తెలుస్తుంది?
- టైప్ ఏ కంట్రోల్ (పోల్చి చూడడానికి పెట్టే, రకం ముందే తెలిసిన బ్యాక్టీరియా) తప్పనిసరి. అది అన్ని ఫేజ్‌లకూ లొంగాలి.
- ఫేజ్ మారితే పిపెట్ టిప్ మార్చాలి. నోటితో పీల్చడం వద్దే వద్దు.